బేరింగు మీద వరాకు గీతలు

ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి, గుణుపూర్ వైపు రైసు మిల్లుల్లో సీజను మొదలైందంటే ముందుగా మూలిగేది ఎలివేటరు అడుగున ఉండే బేరింగు. ధాన్యాన్ని పైకి మోసే బకెట్ల బెల్టు అక్కడి పుల్లీ చుట్టూ తిరుగుతుంది. ఊక, దుమ్ము, తవుడు అన్నీ రాలి చేరేదీ అక్కడికే. మిల్లు మెకానిక్కు స్క్రూడ్రైవరు కొనను హౌసింగుకి ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని వింటాడు. సన్నగా జుమ్మంటుంటే పర్వాలేదు. కరకరమంటే "ప్లే వచ్చేసింది, ఈ రాత్రి గడవదు" అంటాడు. విప్పి చూస్తే గ్రీజు నల్లటి ముద్దలా ఉంటుంది. రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపితే గరగర తగులుతుంది. ఆ గరగరలో సగం వరి మొక్కదే.

ఊకను కాలిస్తే బరువులో దాదాపు ఐదో వంతు బూడిద మిగులుతుంది. ఆ బూడిదలో నూటికి 85 పాళ్లకు పైగా సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. వరి మొక్క దాన్ని నేలలోంచి నీటితో పాటు పీల్చుకుని ఆకులోనూ గింజ పొట్టులోనూ దాచుకుంటుంది. పురుగు నమలకుండా, కాండం పడిపోకుండా దానికి అదే కవచం. కలుపు తీసే ఆడవాళ్ల ముంజేతులు సన్నగా గీరుకుపోయేది ఆ కవచం వల్లే. మిల్లులో బేరింగును తినేసేదీ అదే.

అదే వరి ఆకు మీద నీటిబొట్టును చూస్తే కథ వేరుగా ఉంటుంది. మంచు పడిన ఉదయం మడిలో ఆకును కాస్త వంచితే బొట్టు పొడవునా చకచకా దొర్లిపోతుంది. అడ్డంగా దొర్లమంటే మాత్రం మొరాయిస్తుంది. 2002లో చైనా పరిశోధకులు దీన్ని కొలిచారు. ఆకు పొడవునా అయితే 3 నుంచి 5 డిగ్రీల వాలుకే బొట్టు కదిలింది. అడ్డంగా కదలడానికి 9 నుంచి 15 డిగ్రీలు కావలసి వచ్చింది. ఆకు మీది సన్నని బొడిపెలు ఎక్కడపడితే అక్కడ లేవు, ఈనెల వెంట వరుసలు కట్టి ఉన్నాయి. నీటికి అవి దారి గీసిపెడుతున్నాయన్నమాట. బేరింగులో నూనెకు దారి గీయడం ఇంజనీర్లకు ఎప్పటినుంచో ఉన్న తలనొప్పి. కాబట్టి వాళ్ల చూపు ఆకుల మీదికి మళ్లడంలో వింతేమీ లేదు. ఆకుల మీది ఇలాంటి నగిషీని లోహం మీద లేజరుతో చెక్కి రాపిడి తగ్గించాలన్నదే వాళ్ల పరిశోధన.

దీని వెనక లెక్క కూడా చిన్నది కాదు. ప్రపంచం వాడే మొత్తం శక్తిలో దాదాపు 20 శాతం రాపిడిని గెలవడానికే పోతోందని, మరో 3 శాతం అరిగిన భాగాలను మళ్లీ తయారుచేయడానికి ఖర్చవుతోందని 2017లో ఒక అంచనా వెలువడింది.

అయితే ఈ పరిశోధన ఏది వార్తల్లోకి వచ్చినా పక్కన తామరాకు బొమ్మే పడుతుంది. అక్కడే తిరకాసు. జర్మనీ వృక్షశాస్త్రవేత్తలు విల్‌హెల్మ్ బార్త్‌లోట్, క్రిస్టోఫ్ నైన్‌హుయిస్ 1997లో ఈ ఆకు ఎందుకు తడవదో, దుమ్ము ఎందుకు పట్టదో విడమరిచి చెప్పారు. ఆకు నిండా మిల్లీమీటరులో నూరో వంతు పరిమాణంలో బొడిపెలు, వాటి మీద ఇంకా సన్నని మైనపు నూగు. బొట్టు ఆ మొనల మీదే కూర్చుంటుంది, కింద గాలి ఉంటుంది. అంతా నిజమే. కానీ బేరింగులో ఉండేది నూనె. నూనె తలతన్యత, అంటే బొట్టును ముద్దగా పట్టి ఉంచే బిగువు, నీటిలో సగం కూడా ఉండదు, ఆ మొనల మధ్యకి దిగిపోయి ఆకును తడిపేస్తుంది. తామరాకులో భోంచేసినవాళ్లకు ఇది కళ్లారా చూసిన విషయమే. చిలకరించిన నీళ్లు ముత్యాల్లా పరిగెడతాయి, నెయ్యి ఒలికితే మాత్రం అక్కడికక్కడే మరక కట్టేస్తుంది. ఇంకో పరీక్ష కూడా ఉంది. ఆకును బొటనవేలితో గట్టిగా నాలుగుసార్లు రుద్ది, ఆ చోట నీళ్లు వేస్తే బొట్టు దొర్లదు, అంటుకుంటుంది. మైనం పోయింది కదా. బతికున్న ఆకు ఆ మైనాన్ని మళ్లీ ఊరించుకోగలదు. స్టీలుకు ఆ భాగ్యం లేదు. రోజంతా ఒరుసుకోవడమే పనిగా ఉన్న చోట వేలి రాపిడికి తట్టుకోలేని నగిషీని యథాతథంగా చెక్కడం దండగ. తామరాకు సూత్రం గోడ రంగులకు, అద్దాలకు పనికొచ్చింది. బేరింగుకు దాని నుంచి తీసుకోదగ్గది తక్కువ.

మరి తీసుకోదగ్గది ఏమిటో తేలాలంటే బేరింగు లోపల జరిగేది చూడాలి. 1883లో ఇంగ్లండులో బోషాం టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసు బేరింగుల మీద ప్రయోగాలు చేస్తూ, నూనె పోయడానికని బేరింగు పైభాగంలో రంధ్రం వేయించాడు. ఇరుసు తిరగగానే నూనె లోపలికి పోవడానికి బదులు రంధ్రంలోంచి పైకి పొంగింది. కార్కు బిరడా పెడితే ఎగిరిపోయింది. కొయ్య మేకు కొడితే దాన్నీ నెట్టేసింది. చివరికి 200 పౌండ్ల దాకా చూపే ప్రెషర్ గేజీ బిగిస్తే ముల్లు కొస దాటిపోయింది. తిరిగే ఇరుసు నూనెను తనతో ఈడ్చుకెళ్లి, ఇరుకైన సందులోకి తోసి, ఆ ఒత్తిడి మీదే బరువంతా మోయిస్తోందని అలా బయటపడింది. 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ దీనికి గణితం రాశాడు. సరిగ్గా తిరుగుతున్న బేరింగులో లోహం లోహాన్ని తాకదు, ఇరుసు నూనె మీద తేలుతుంది.

నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో తెరిచిన చిన్న రైలు కాలం నాటి బోగీలకు ఇవే బేరింగులు. ఇరుసు పెట్టెలో నూనెలో నానబెట్టిన నూలు పీచు కుక్కేవారు. దీపం వత్తి నూనెను పీల్చినట్టు ఆ పీచు నూనెను ఇరుసుకు అందించేది. పత్తి గింజ మీద పెరిగే దారమే ఆ రోజుల్లో ఆయిల్ పంపు. మొక్కల నుంచి సాయం తీసుకోవడం రైలువాళ్లకు లేజర్ల కంటే చాలా ముందే అలవాటు.

ఇబ్బంది తిరిగేటప్పుడు కాదు, కదలడం మొదలెట్టేటప్పుడూ ఆగేటప్పుడూ వస్తుంది. వేగం చాలనప్పుడు నూనె పొర నిలవదు, లోహాల మొనలు ఒకదానికొకటి తగులుతాయి. వేగాన్ని బట్టి రాపిడి ఎలా మారుతుందో జర్మన్ ఇంజనీరు రిచర్డ్ స్ట్రైబెక్ 1902లో గీసి చూపించాడు. మొదట ఎక్కువ, పొర ఏర్పడే కొద్దీ బాగా తగ్గి, పూర్తిగా తేలాక నూనె చిక్కదనం వల్ల మళ్లీ కొంచెం పెరుగుతుంది. ఎడ్లబండి చక్రం జీవితాంతం ఈ గీతకు ఎడమ కొసనే, అంటే వేగం చాలని చోటే ఉంటుంది. ఎద్దు నడకకు నూనె పొర ఎన్నడూ లేవదు. అందుకే బండివాడు ఆముదంలో గడ్డి మసి కలిపి కందెన చేసుకునేవాడు. ఆముదంలో నూటికి 85 పాళ్లకు పైగా ఉండే రిసినోలిక్ ఆమ్లానికి లోహాన్ని గట్టిగా పట్టుకునే గుణం ఉంది. తేల్చే పొర లేని చోట అంటుకునే పొర కాపాడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానాల రోటరీ ఇంజన్లకు కూడా ఆముదమే పోశారు.

ఇక నున్నగా చేస్తే రాపిడి తగ్గుతుందన్న నమ్మకం సంగతి. రాయగడలోనో బరంపురంలోనో ట్రాక్టరు ఇంజను బోరింగు చేసే షాపులో అడిగితే ఇది తప్పని ఒక్క మాటలో తేల్చేస్తారు. సిలిండరు లోపలి గోడను అద్దంలా వదిలెయ్యరు. హోనింగు రాళ్లతో పైకీ కిందికీ తిప్పుతూ అడ్డదిడ్డంగా సన్నని గీతలు పెడతారు. టార్చి వేసి చూస్తే చాపనేతలా మెరుస్తాయి. నూనె ఆ గీతల్లో నిలుస్తుంది, పిస్టను రింగు దాని మీద జారుతుంది. గీతలు అరిగి గోడ అద్దమైపోతే నూనె నిలవడానికి చోటుండదు, రింగు పట్టేస్తుంది. లేత్ మిషను పట్టాల మీద చేత్తో స్క్రేపరు పట్టి చంద్రవంకల్లా గోకడం కూడా ఇలాంటిదే. షాపువాళ్లు చేత్తో చేస్తున్న ఈ పనిని లెక్కకట్టి, కొలిచి, లేజరుతో చేయడాన్నే పరిశోధకులు సర్ఫేస్ టెక్స్చరింగ్ అంటున్నారు. దీనికి పునాది లాంటి పరిశోధన 1966లోనే వచ్చింది. లేజరు రూపం ఇచ్చి, ద్రవం బయటికి కారకుండా ఆపే సీళ్లకు, పిస్టను రింగులకు పనికొచ్చేలా చేసినవాళ్లలో ఇజ్రాయెల్‌లోని టెక్నియన్ విశ్వవిద్యాలయం ప్రొఫెసరు ఇజాక్ ఎట్సియన్ ముఖ్యుడు. అది 1990ల మాట.

లేజరు చెక్కే గుంట ఎంతుంటుందంటే, వెడల్పు తల వెంట్రుక మందమో దానికి రెండింతలో, లోతు అందులో పదోవంతో ఇంకా తక్కువో. ఉపరితలంలో నూటికి 5 నుంచి 20 వంతుల దాకా ఇలాంటి గుంటలు పరుస్తారు. ఇంత చిన్న గుంట బరువెలా మోస్తుందన్నది అసలు రుచికరమైన భాగం. పైనున్న లోహం జారుతూ నూనెను గుంటలోకి ఈడుస్తుంది. గుంట మొదటి సగంలో సందు వెడల్పవుతుంది కాబట్టి అక్కడ ఒత్తిడి పడిపోవాలి. రెండో సగంలో సందు ఇరుకవుతుంది కాబట్టి ఒత్తిడి పెరగాలి. తగ్గింది ఎంతో పెరిగింది అంతే అయితే లాభం సున్నా. కానీ నూనెను గుంజడానికి ఒక హద్దుంది. ఒత్తిడి మరీ పడిపోతే అందులో కలిసి ఉన్న గాలి బుడగలై విడిపోతుంది, సోడా మూత తీసినట్టు. దాంతో తగ్గుదల ఒకచోట ఆగిపోతుంది, పెరుగుదలకు అలాంటి అడ్డు లేదు. కాబట్టి ప్రతి గుంటకూ కొంచెం పైకి లేపే బలం మిగులుతుంది. లక్ష గుంటలు కలిస్తే ఆ కొంచెమే పనికొచ్చేంత అవుతుంది.

గుంటకు ఇంకో రెండు పనులున్నాయి. నూనె చాలని క్షణంలో తనలో దాచుకున్నది బయటకిస్తుంది. అరుగుదలలో రాలిన లోహపు పొడిని, చొరబడిన దుమ్మును తనలోకి దింపుకుని మిగతా ఉపరితలాన్ని గీరనివ్వకుండా చూస్తుంది. మిల్లులాంటి చోట ఈ చివరి పనే అన్నిటికంటే విలువైనది. ఎంత కాలమంటే గుంట నిండే దాకా.

గుంటలూ గాళ్లూ ఎక్కడ, ఏ వరుసలో పెట్టాలన్న ప్రశ్న దగ్గర మొక్కలు నిజంగా పనికొస్తాయి. వరి ఆకు నేర్పేది దిశ. బేరింగులో నూనె ఎప్పుడూ అంచుల వైపు పారిపోవాలని చూస్తుంది. వేడెక్కిన చోటు నుంచి చల్లటి చోటికి పాకిపోయే గుణం కూడా దానికుంది. ఒక దిశలో తేలిగ్గా పోనిచ్చి మరో దిశలో అడ్డుకునే గీతలుంటే నూనె రాపిడి జరిగే చోటనే నిలుస్తుంది. కొబ్బరి మట్టకు రెండువైపులా ఆకులు వాలినట్టు ఏటవాలుగా చెక్కిన గాళ్లు తిరిగేటప్పుడు నూనెను అంచుల నుంచి మధ్యకు తోస్తాయి. కంప్యూటరు హార్డ్‌డిస్కు మోటార్ల ద్రవ బేరింగుల్లో ఈ గాళ్లే ఉంటాయి. అవి కొబ్బరి చెట్టును చూసి చేసినవి కావు, ఇంజనీర్లు విడిగా కనిపెట్టినవే. మొక్క పేరు తర్వాత తగిలించి గొప్ప చెప్పుకునే అలవాటు ఈ రంగంలో కాస్త ఎక్కువ.

పొద్దుతిరుగుడు నేర్పేది సర్దుబాటు. దాని పువ్వులో ఒక గింజకూ తర్వాతి గింజకూ మధ్య తిరుగుడు 137.5 డిగ్రీలు. ఆ కోణం వల్ల మధ్య నుంచి అంచు దాకా ఎక్కడా ఖాళీ ఎక్కువ కాకుండా, ఇరుకు కాకుండా గింజలు సర్దుకుంటాయి. ఇరుసు పొడవునా వచ్చే తోపును మోసే గుండ్రటి థ్రస్టు వాషరు మీద గుంటలను చుట్లు చుట్లుగా పేరిస్తే లోపల కిక్కిరిసి బయట పలచనవుతాయి, లేదా నేరుగా వరుసలు కట్టి నూనె జారిపోవడానికి వీధులు తెరుస్తాయి. పొద్దుతిరుగుడు లెక్కకు రెండు బెడదలూ లేవు. పైగా దాన్ని రెండు వరుసల సూత్రంలో రాసి కంప్యూటరుకిచ్చేయొచ్చు. ఆ సూత్రాన్ని 1979లోనే వోగెల్ అనే ఆయన ఇచ్చాడు. మొక్కల నుంచి వచ్చిన ఆలోచనల్లో ఇది అందరూ పెద్దగా మాట్లాడుకోనిది, పనికొచ్చేది.

మూడోది పురుగులను పట్టి తినే కుండ మొక్క, నెపెంథిస్. కొరాపుట్ కొండల్లో వెతికినా దొరకదు, మన దేశంలో దాని ఒకే ఒక్క జాతి మేఘాలయలో ఉంది. కుండ అంచు మీది సన్నని గాళ్లలో వాన నీరో మకరందమో నిలిచి పలచని పొర అవుతుంది. చీమ కాలు ఆ పొర మీద జారి లోపల పడుతుంది. తడి రోడ్డు మీద టైరు జారినట్టే ఇది జరుగుతుందని 2004లో తేలింది. 2011లో హార్వర్డ్‌లో జోవన్నా ఐజెన్‌బర్గ్ బృందం ఈ సూత్రంతో ద్రవాన్ని పీల్చుకుని దాన్నే పై పొరగా నిలుపుకునే ఉపరితలం చేసింది. 2016లో బీజింగ్ పరిశోధకులు ఇంకో సంగతి చూపారు. ఆ అంచు మీద నీరు తనంతట తానే ఒకే దిశలో, కిందినుంచి పైకి కూడా పాకుతుంది. తామరాకుకు పూర్తిగా వ్యతిరేకమైన ఉపాయం ఇది. ద్రవాన్ని దూరంగా నెట్టడానికి బదులు పట్టి ఉంచుతుంది. బేరింగుకు కావలసిందీ ఇదే.

అయితే ఈ ఉపాయం ఇంట్లో తిరుగుతున్న టేబుల్ ఫ్యానులో ఎప్పుడో ఉంది. రాయగడ వైండింగు షాపులో "బుష్ పోయింది" అని తీసి చూపించే ఆ చిన్న కంచు గొట్టం పోత పోసింది కాదు. లోహపు పొడిని అచ్చులో నొక్కి, కరగనివ్వకుండా వేడి చేసి అతికించినది. దాని లోపల ఐదో వంతు దాకా సూక్ష్మ రంధ్రాలే, వాటి నిండా నూనె. తిరిగి వేడెక్కితే నూనె ఊరుతుంది, ఆగి చల్లారితే మళ్లీ లోపలికి పోతుంది. 1930ల నుంచి వాడుకలో ఉన్న సరుకు ఇది. పాత బుష్‌ను కొత్త గుడ్డతో తుడిచి అగ్గిపుల్ల మంట దగ్గర పెడితే పైన సన్నగా నూనె చెమట పట్టడం కనిపిస్తుంది. పట్టకపోతే అది ఎండిపోయిందని అర్థం.

ఇప్పుడు అసలు పేచీ. మిల్లులో వాడే 6205 లాంటి బాల్ బేరింగుకు ఈ నగిషీలు చెక్కితే ఏమవుతుంది? చాలావరకు చెడుపే. (ఆ చివరి 05ను అయిదుతో గుణిస్తే షాఫ్టు 25 మిల్లీమీటర్లని తెలుస్తుంది. మెకానిక్కులు లెక్క వేయకుండానే నోటికి చెప్పేస్తారు.) బంతి తను దొర్లే పట్టాను తాకే చోటు చుక్కంత. అక్కడ చదరపు సెంటీమీటరుకు 10 టన్నులకు పైగా ఒత్తిడి పడుతుంది, మధ్యలో నూనె పొర ఒక మైక్రాను (మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపే. అంత పలచటి పొర కింద అయిదు మైక్రాన్ల గుంట వస్తే నూనె దాంట్లోకి జారిపోయి పొరే తెగిపోతుంది. గుంట అంచు దగ్గర ఒత్తిడి పోగుపడి పగులు మొదలవుతుంది. లక్షల సార్లు బంతి దొర్లాక ఆ పగులు పెచ్చులుగా ఊడుతుంది. మైక్రానులో కొంత భాగమే లోతున్న గుంటలతో లాభం చూపిన ప్రయోగాలున్నాయి గాని, అంత సన్నని చెక్కుడు దుమ్ములో ఎన్నాళ్లుంటుందన్నది సందేహమే.

పూర్తిగా జారుతూ తిరిగే బుష్ బేరింగుల్లో కూడా నిండా గుంటలు పరిస్తే ఒక్కోసారి మోసే శక్తి తగ్గిపోతుంది. టవర్ చూసిన ఆ ఒత్తిడి గుట్టకు మధ్యలో గుంటలు పడితే గుట్టే కుంగుతుంది. చోటు చూసి కొంత మేరకే చెక్కినప్పుడు, అదీ నూనె చాలని వేగాల దగ్గర, మంచి ఫలితం వస్తుంది. ల్యాబులో వచ్చిన తగ్గింపు శాతాన్ని ఏ వేగం, ఏ బరువు, ఏ నూనె అని అడగకుండా నమ్మడం అందుకే ప్రమాదం. ఏ గుంట లేని బేరింగు పూర్తిగా తేలుతున్న చోట గుంటలకు చేయడానికి పనేమీ మిగలదు.

ఆకుల ఉపాయం లాంటిదే సరిహద్దు పల్లెల్లో ఇప్పటికే పని చేస్తున్న చోటు ఒకటుంది, నీళ్ల పంపు. నాగావళి, వంశధార ఒడ్డున ఇసుక నీళ్లు తోడే నిలువు పంపుల్లో షాఫ్టును రబ్బరు బేరింగు పట్టుకుంటుంది, దానికి కందెన ఆ నీళ్లే. బేరింగు లోపల పొడవునా లోతైన గాళ్లుంటాయి. ఇసుక రేణువు వస్తే రబ్బరు కాస్త లొంగి దాన్ని గాడి దాకా దొర్లనిస్తుంది, గాడిలోని నీరు బయటకు కడిగేస్తుంది. వరి ఆకు మీద దుమ్మును మోసుకుని బొట్టు పొడవునా జారినట్టే. ఆ గాళ్లు బురదతో పూడితే మాత్రం షాఫ్టు ఒక్క సీజనులో అరిగిపోతుంది.

మిల్లు బేరింగుకైతే ముందు కావలసింది రెండు వైపులా రబ్బరు సీలు, వేళకు కొత్త గ్రీజు, గ్రీజు కొట్టే ముందు, అది ఎక్కించే మూతి అయిన నిప్పిలు మీది ఊక దుమ్మును గుడ్డతో తుడవడం. తుడవకుండా గ్రీజు గన్ను పెడితే సిలికాను చేతులారా లోపలికి ఎక్కించినట్టే. కొన్ని వందల రూపాయల బేరింగుకు లేజరు నగిషీ ఎవరూ చెయ్యరు, చెయ్యనక్కర లేదు కూడా. ఆ నగిషీ ఖర్చు గిట్టేది ఖరీదైన మెకానికల్ సీళ్ల దగ్గర, పెద్ద టర్బైన్ల థ్రస్టు ప్యాడ్ల దగ్గర, ఇంజను పిస్టను రింగుల దగ్గర.

వరి మొక్క ఆకు దారి చూపింది, ఊక అరగదీసింది. మిగిలింది తవుడు. మిల్లులో బస్తాలకెత్తి నూనె తీయడానికి లారీల్లో పంపేస్తారు. నూనె పిండేశాక మిగిలిన చెక్కకు పశువుల దాణా తప్ప వేరే గతి లేదనుకుంటాం. జపాన్‌లో కజువో హొక్కిరిగావా అనే ప్రొఫెసరు ఆ నూనె తీసిన తవుడులో ఫినాల్ రెసిన్ కలిపి, గాలి తగలకుండా 900 డిగ్రీల దగ్గర కాల్చాడు. వచ్చింది సూక్ష్మ రంధ్రాలున్న గట్టి బొగ్గు పదార్థం. దానికి ఆర్‌బీ సెరామిక్స్ అని పేరు. ఆ రెండు అక్షరాలు రైస్ బ్రాన్‌వి, అంటే తవుడు. నూనె బొట్టు లేకుండా పొడిగా ఒరుసుకున్నా, నీళ్లలో మునిగి తిరిగినా రాపిడి తక్కువగా ఉండడం దాని గుణం. దానితో జారుడు బేరింగులు చేస్తున్నారు.